అఫ్గాన్ సైన్యానికి జీతం ఎవరిచ్చారు?

అడిగిన ప్రశ్న ఇది: “మూడు లక్షల బలగం, యుద్ధ విమానాలు, ఇరవై ఏళ్ల అమెరికా శిక్షణ ఉండి కూడా 2021 ఆగస్టులో అఫ్గాన్ సైన్యం పది రోజుల్లో ఎలా చేతులెత్తేసింది? బ్రిటిషువారినీ రష్యన్లనూ తరిమికొట్టిన జాతి అంటారు కదా, మరి వీళ్లకు పోరాడే ధైర్యం లేకపోయిందా?”

ముందుగా నా సంగతి ఒక మాట. నేను భారత సైన్యంలో ఇరవై రెండేళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశాను. తుపాకీ పట్టుకున్న రోజులకన్నా రేషన్ బస్తాలు, డీజిల్ పీపాలు లెక్కపెట్టిన రోజులే ఎక్కువ. ఒక యూనిట్లో ఎంతమంది జవాన్లున్నారని ఎవరైనా అడిగితే, మాకు ముందు గుర్తొచ్చేది కాగితం మీది సంఖ్య కాదు, ‘ఫీడింగ్ స్ట్రెంత్’, అంటే ఈ పూట వంటశాలలో ఎందరికి వండుతున్నారన్న లెక్క. ఒకసారి ఎత్తైన కొండల్లోని ఒక పోస్టుకు మంచు వల్ల తొమ్మిది రోజులు బండి వెళ్లలేదు. పదో రోజు నేను చేరుకున్నప్పుడు అక్కడి సుబేదార్ సాబ్ అడిగిన మొదటి మాట కిరోసిన్ గురించి, రెండో మాట ఉత్తరాల గురించి. శత్రువు ప్రసక్తి టీ తాగాకగానీ రాలేదు. అఫ్గాన్ సైన్యం చరిత్రను నేను చదివింది ఆ అలవాటుతోనే, కాబట్టి నా సమాధానం కూడా జీతం, తిండి, ఇంధనం చుట్టూనే తిరుగుతుంది.

ధైర్యం లేదన్న మాటను ముందే పక్కన పెడదాం. తాను పదవిలోకి వచ్చిన 2014 నుంచి 45,000 మందికి పైగా భద్రతా సిబ్బంది చనిపోయారని అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ 2019 జనవరిలో దావోస్‌లో స్వయంగా చెప్పాడు. ఇరవై ఏళ్ల మొత్తం యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికులు సుమారు 2,400 మంది. నాలుగున్నరేళ్లలో అంతమందిని పోగొట్టుకుని కూడా నిలబడిన బలగాన్ని పిరికిదనడం అన్యాయం. వాళ్లు అన్నేళ్లు పోరాడి ఆ ఆగస్టులోనే ఎందుకు ఆపారన్నది అసలు ప్రశ్న.

దానికి జవాబు 2021లో లేదు. అఫ్గానిస్థాన్‌లో పెద్ద స్థాయి జీతపు సైన్యం సొంత పన్నుల మీద ఎక్కువ కాలం నిలబడిన సందర్భం నాకు కనిపించలేదు. కొండలూ ఎడారులూ ఎక్కువ, సాగునేల తక్కువ, గుర్రం మీద వెళ్లినా నెలల తరబడి చేరలేని లోయల్లో పన్ను వసూలు చేసేవాడు ఉండడు. 1747లో కాందహార్‌లో రాజ్యం స్థాపించిన అహ్మద్ షా దుర్రానీ ఈ చిక్కును దండయాత్రలతో దాటాడు. అతని సైన్యానికి జీతం పంజాబ్, ఢిల్లీ, కాశ్మీర్‌ల నుంచి వచ్చింది. 1761 జనవరి 14న పానిపట్టులో మరాఠాలను ఓడించిన బలం కూడా ఆ రాబడి మీద నడిచినదే. (ఆ యుద్ధంలో మరాఠాల పక్షాన ఫిరంగులు, కవాతు చేసే పదాతి దళం నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ మన హైదరాబాద్ నిజాం కొలువులో, ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికింద తయారైనవాడు. ఈ సంగతి మనవాళ్లకు పెద్దగా తెలియదు.) అహ్మద్ షా వారసుల కాలంలో పంజాబ్ సిక్కుల చేతికి పోయింది, దానితో రాబడి పోయింది, సర్దార్లు విడిపోయారు.

ఆ తర్వాత జీతం ఇచ్చే చేయి విదేశీయులది అయింది. 1839లో బ్రిటిషువారు షా షుజాను కాబూల్ గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు, అతని రాజ్యం నిజానికి రెండు రకాల చెల్లింపుల మీద నిలిచింది: అతని సైనికులకు జీతం, కాబూల్ నుంచి జలాలాబాద్ వెళ్లే కనుమలను కాసే గిల్జాయ్ తెగ పెద్దలకు భత్యం. 1841 శరదృతువులో ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి రావడంతో రాయబారి మాక్‌నాటెన్ ఆ భత్యాన్ని సగానికి కోశాడు. కోసిన కొద్ది రోజులకే కనుమలు మూసుకుపోయాయి. నవంబరు 2న కాబూల్‌లో బ్రిటిష్ అధికారి బర్న్స్‌ను చంపారు. 1842 జనవరిలో దాదాపు 4,500 మంది సైనికులు, 12,000 మంది పరివారం మంచులో అదే కనుమల గుండా వెనుదిరిగి నాశనమయ్యారు. డాక్టర్ బ్రైడన్ ఒక్కడే మిగిలాడన్నది కథగా బాగుంటుంది కానీ, బందీలుగా కొందరు, దాక్కుని కొందరు సిపాయిలు కూడా బతికారు. ఈ మొత్తం కథలో నన్ను ఆపేది మంచు కాదు, ఆ భత్యపు కోత. గుమాస్తా పుస్తకంలో కొద్దిపాటి పొదుపుకోసం ఏకైక రహదారిని అమ్ముకున్నారు.

1879 నాటి సంఘటన ఇంకా స్పష్టమైనది. అప్పటికి అమీర్ (అఫ్గాన్ పాలకుడు) షేర్ అలీ ఖాన్ నిజమైన క్రమబద్ధ సైన్యం కట్టడానికి ప్రయత్నించాడు. 1869లో అంబాలాలో వైస్రాయ్ మేయోను కలిసి తుపాకులు, ఫిరంగులు, డబ్బు తెచ్చుకున్నాడు. రెజిమెంట్లు, యూనిఫారాలు ఏర్పడ్డాయి. పదేళ్లలోనే బ్రిటిషువారితో చెడింది, రెండో యుద్ధం వచ్చింది, అతను చనిపోయాడు. కొడుకు యాకూబ్ ఖాన్ 1879 మేలో గండమక్ సంధి మీద సంతకం చేసి ఏటా ఆరు లక్షల రూపాయల భత్యం, కాబూల్‌లో బ్రిటిష్ రాయబారి లూయీ కావన్యారి, రెండూ ఒప్పుకున్నాడు. ఆ ఎండాకాలంలో హెరాత్ నుంచి కొన్ని రెజిమెంట్లు రాజధానికి వచ్చాయి. వాళ్లు బ్రిటిషువారితో యుద్ధం చేయలేదు, ఓడిపోయామన్న భావన వాళ్లకు లేదు; నెలల జీతం మాత్రం బాకీ ఉంది. సెప్టెంబరు 3 ఉదయం బాలా హిసార్ కోటలో జీతం ఇస్తామని పిలిచారు. సైనికులు ఆయుధాలు లేకుండానే వెళ్లారు. తీరా అక్కడ ఇచ్చింది ఒక్క నెల జీతం. మిగతాది ఇమ్మని గొడవ మొదలైంది; అంతలో, రాయబారి దగ్గర డబ్బుందని ఎవరో అరిచారు. ఆ కోటలోనే కాస్త దూరంలో రెసిడెన్సీ ఉంది. గుంపు అటు కదిలింది, రాళ్లు పడ్డాయి, లోపలినుంచి కాల్పులు జరిగాయి, అప్పుడు సైనికులు వెనక్కి వెళ్లి తుపాకులు తెచ్చుకున్నారు. సాయంత్రానికి కావన్యారి, అతని వెంట ఉన్న బ్రిటిష్ ఇండియా సైన్యపు గైడ్స్ దళంలోని సుమారు 75 మంది దాదాపు పూర్తిగా హతమయ్యారు. చివరిదాకా పోరాడినవారిలో జమాదార్ జీవంద్ సింగ్ పేరు నేటికీ చెప్పుకుంటారు. మత ద్వేషం, విదేశీయుల మీద కోపం లేవనను. కానీ ఆ పొద్దున ఆ గుంపును కోటలోకి తెచ్చింది బాకీ జీతమే.

ఇక్కడ ‘సామ్రాజ్యాల శ్మశానం’ అన్న పడికట్టు మాట గురించి. ఆ మాట వాడేవారు 1880లో మైవంద్‌లో బ్రిటిషువారి ఓటమిని చెబుతారు కానీ, సెప్టెంబరులో కాందహార్ దగ్గర బ్రిటిషువారు గెలిచిన సంగతీ, తర్వాత నలభై ఏళ్లు అఫ్గాన్ విదేశాంగం బ్రిటిషువారి చేతిలో ఉన్న సంగతీ చెప్పరు. అమీర్ అబ్దుర్ రహమాన్‌కు 1883 నుంచి ఏటా 12 లక్షల రూపాయలు, 1893లో డ్యూరాండ్ రేఖ ఒప్పందంతో 18 లక్షల రూపాయలు భత్యంగా ముట్టాయి. ఆ డబ్బుతోనూ, పంపిన ఆయుధాలతోనూ, కాబూల్‌లో పెట్టిన ‘మషీన్ ఖానా’ ఆయుధ కార్ఖానాతోనూ అతను మధ్య కొండల్లోని హజారా జాతిని, గిల్జాయ్‌లను, నూరిస్థాన్‌ను అణచి దేశాన్ని ఒక్కటి చేశాడు. ఎనిమిది మందిలో ఒకరిని సైన్యానికి పంపాలని, మిగతా ఏడుగురు అతని ఖర్చు భరించాలని ‘హష్త్ నఫరీ’ అన్న పద్ధతి పెట్టినవాడూ అతడే. విదేశీ సైన్యాన్ని దేశంలో ఉంచకుండా డబ్బు మాత్రం ఇచ్చిన ఈ ఏర్పాటు, నా అంచనాలో, అఫ్గానిస్థాన్ విషయంలో విదేశీయులు చేసినవాటిలో అన్నిటికన్నా చవకైనది, ఎక్కువ కాలం నిలిచినది. ప్రజలకు అది మంచిదా అంటే, హజారాలను అడగాలి.

1919లో రాజు అమానుల్లా స్వాతంత్ర్యం తెచ్చాడు, రావల్పిండి సంధితో భత్యం ఆగిపోయింది. అతను రోడ్లు, బడులు, సంస్కరణలు మొదలుపెట్టి సైన్యం మీద ఖర్చు తగ్గించాడు. 1928 చివర షిన్వారీ తెగవారు తిరగబడి, ఉత్తరం నుంచి మరో తిరుగుబాటు నాయకుడు హబీబుల్లా కలకానీ దిగినప్పుడు రాజును కాయడానికి సైన్యమన్నది దాదాపు మిగల్లేదు. అక్కడితో ఆ కథ ముగిసింది.

తర్వాతి పోషకుడు సోవియట్ యూనియన్. అమెరికా ఆయుధాలు ఇవ్వననడంతో ప్రధాని దావూద్ 1956లో మాస్కోతో ఆయుధాల ఒప్పందం చేసుకున్నాడు. ట్యాంకులు, మిగ్ విమానాలు వచ్చాయి. వాటితోపాటు వేలమంది అధికారులు సోవియట్ దేశంలో చదువుకుని వచ్చారు. ఆయుధం ఎక్కడి నుంచి వస్తే శిక్షణ, విడిభాగాలు, ఆలోచన కూడా అక్కడి నుంచే వస్తాయి. 1973లో దావూద్‌ను గద్దెనెక్కించిన అధికారుల వర్గమే 1978 ఏప్రిల్ 27న ట్యాంకులతో అతని భవనం మీదికి వచ్చి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని తెచ్చింది. 1979 మార్చిలో హెరాత్‌లో 17వ డివిజన్ తిరుగుబాటుదారులతో కలిసిపోయింది, డిసెంబరులో సోవియట్ సేనలు దిగాయి, ఆ వెనుక అఫ్గాన్ సైన్యం పారిపోయినవారితో సగానికి పైగా కరిగిపోయింది. కాబూల్ వీధుల్లో కుర్రవాళ్లను పట్టి బలవంతంగా యూనిఫారం వేయించిన రోజులవి.

1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనాధిపతి జనరల్ గ్రోమోవ్ సరిహద్దు నది అమూ దర్యా మీది వంతెన దాటి వెళ్లిపోయాడు. సోవియట్ అండతో నడిచే అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో పడిపోతుందని దాదాపు అందరూ అనుకున్నారు. మార్చిలో ముజాహిదీన్లు (ఆ ప్రభుత్వంతో పోరాడుతున్న తిరుగుబాటుదారులు) పాకిస్థాన్ గూఢచారి సంస్థ ప్రోత్సాహంతో జలాలాబాద్ మీద పడ్డారు. పట్టణం పడలేదు. ఎందుకు పడలేదన్నది 2021ని అర్థం చేసుకోవడానికి అత్యంత ముఖ్యమని నా అభిప్రాయం. మొదటి కారణం, విమానాలు ఎగురుతున్నాయి, స్కడ్ క్షిపణులు కురుస్తున్నాయి, కాబూల్ నుంచి రసద్ (తిండి, సరుకులు) వస్తోంది. సోవియట్ సైనికుడు వెళ్లాడు కానీ ఏటా సుమారు 300 కోట్ల డాలర్ల విలువైన సోవియట్ సరుకు ఆగలేదు. రెండో కారణం తక్కువగా చెప్పుకునేది: అంతకు కొన్ని నెలల ముందు సరిహద్దులో లొంగిపోయిన ప్రభుత్వ సైనికులను ముజాహిదీన్లు చంపేశారన్న వార్త జలాలాబాద్ దండుకు చేరింది. లొంగినా చావు తప్పదని తెలిసిన సైనికుడికి పోరాడటం తప్ప దారి లేదు.

ఆ సైన్యం మూడేళ్లు నిలిచింది. 1991 సెప్టెంబరులో అమెరికా, సోవియట్ యూనియన్లు 1992 జనవరి 1 నుంచి ఇరుపక్షాలకూ ఆయుధాలు ఆపేస్తామని ఒప్పుకున్నాయి. డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఇంధనం లేక విమానాలు నేల మీదే ఉండిపోయాయి. ఉత్తరాన దోస్తుం నడిపే మిలీషియా కాబూల్ డబ్బుతో బతికేది. ఆ డబ్బు, గోధుమలు సన్నగిల్లిన సమయంలోనే సరిహద్దు పట్టణం హైరతాన్‌లోని జనరల్ మోమిన్‌ను నజీబుల్లా తప్పించబోగా దోస్తుం అతనితో కలిసి పక్కకు జరిగాడు. మార్చిలో ఉత్తరాన పెద్ద పట్టణమైన మజార్ పోయింది, ఏప్రిల్‌లో నజీబుల్లా ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకున్నాడు. ఓడిపోవడానికి అతని సైన్యానికి పెద్ద యుద్ధమేమీ అవసరం కాలేదు.

ఇప్పుడు మీరు అడిగిన సైన్యం దగ్గరికి వద్దాం. 2002 డిసెంబరులో అధ్యక్షుడు కర్జాయ్ ఉత్తర్వుతో మొదలైనప్పుడు దాని లక్ష్యం 70,000 మంది. తాలిబన్లు మళ్లీ బలపడేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోయి, పోలీసులతో కలిపి 3,52,000కు చేరింది. దీని మీద ఇరవై ఏళ్లలో అమెరికా పెట్టినది సుమారు 8,800 కోట్ల డాలర్లు. ఏటా నాలుగైదు వందల కోట్ల డాలర్లు కావలసిన బలగమిది. అఫ్గాన్ ప్రభుత్వ సొంత రాబడి మొత్తం కలిపినా 250 కోట్ల డాలర్లకు అటూ ఇటూ. ఆసుపత్రులు, బడులు మూసేసి అంతా సైన్యానికే పెట్టినా చాలదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన ఏ సప్లై హవల్దార్‌కైనా సంగతి అర్థమవుతుంది.

పైగా ఆ 3,52,000 అన్నది కాగితం లెక్క. మన ఊళ్లలో ఉపాధి హామీ పనుల్లో దొంగ మస్టర్లు రాసినట్టే అక్కడా రాశారు: చనిపోయినవారు, వెళ్లిపోయినవారు, అసలు పుట్టనివారి పేరు మీద కమాండర్లు జీతాలు తీసుకున్నారు. హెల్మండ్ రాష్ట్రంలో సైన్యం జాబితాలో ఉన్నవారిలో దాదాపు 40 శాతం మంది లేనేలేరని 2016లో అక్కడి ప్రాంతీయ నాయకులే చెప్పారు. వేలిముద్రలతో జీతపు పట్టిక కట్టడం మొదలుపెట్టాక లెక్క వేల సంఖ్యలో తగ్గింది. ఉన్న జవాను సంగతి ఇంకో రకం: నెలల తరబడి జీతం ఆలస్యం, సెలవు లేదు, గాయపడితే తీసుకెళ్లే హెలికాప్టర్ వస్తుందో రాదో తెలియదు.

హెలికాప్టర్ గురించి కాస్త ఆగాలి. అఫ్గాన్ సైన్యం వందలాది చిన్న చెక్‌పోస్టుల్లో చెల్లాచెదురుగా ఉండేది, చాలావాటికి రోడ్డు దారి తాలిబన్ల చేతిలో. అంటే తిండి, తూటా, గాయపడినవాడు, మూడూ ఆకాశమార్గానే. అఫ్గాన్ మెకానిక్‌లకు అలవాటైన రష్యన్ మి-17లను మార్చి అమెరికన్ బ్లాక్ హాక్‌లు ఇవ్వడం 2017లో మొదలైంది. మి-17 మరమ్మతు చాలావరకు వాళ్లే చేసుకోగలిగేవారు. బ్లాక్ హాక్ మరమ్మతు దాదాపు పూర్తిగా అమెరికన్ కాంట్రాక్టర్లదే. 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో అమెరికా చేసుకున్న ఒప్పందంలో సైనికులతోపాటు ఆ కాంట్రాక్టర్లు కూడా వెళ్లిపోవాలని ఉంది. అఫ్గాన్ ప్రభుత్వం ఆ బల్ల దగ్గర లేనేలేదు, పైగా 5,000 మంది తాలిబన్ ఖైదీలను వదలాల్సి వచ్చింది. 2021 ఏప్రిల్ 14న బైడెన్ పూర్తి ఉపసంహరణ ప్రకటించాడు, జూలై 2 నాటికి బగ్రామ్ స్థావరం ఖాళీ అయింది. విమానాలు ఒక్కొక్కటే షెడ్లలో ఆగిపోయాయి. జూన్‌లో ఫర్యాబ్ రాష్ట్రంలోని దౌలతాబాద్‌లో రావలసిన సహాయం రాక ఇరవైకి పైగా కమాండోలు చనిపోయారు. అమెరికా శిక్షణలో తయారైన అత్యుత్తమ దళం అది, మిగతావారికి అందిన సందేశం స్పష్టమే.

జూలైలో తాలిబన్లు పెద్ద పట్టణాలకన్నా ముందు ఇస్లాం కలా, స్పిన్ బోల్దక్ వంటి సరిహద్దు కస్టమ్స్ కేంద్రాలు పట్టుకున్నారు. ప్రభుత్వ సొంత రాబడిలో పెద్ద వాటా అక్కడిది. అది ఆగిపోయి, అదే సుంకం అటువైపు జమ కావడం మొదలైంది. వాళ్లు యుద్ధం ఎలా నడపాలో తెలిసినవాళ్లని నేనంటాను. ఇంకోవైపు, ఊరి పెద్దలు మధ్యవర్తులుగా వచ్చి, తుపాకీ అప్పగిస్తే ప్రాణహాని ఉండదని మాట తెచ్చారు. కొన్నిచోట్ల ఇంటికి వెళ్లడానికి దారి ఖర్చులు కూడా ఇచ్చారు. ఆ మాట అన్నిచోట్లా నిలబడలేదన్నది తర్వాతి సంగతి. ఆ రోజున మాత్రం జవాను దాన్ని నమ్మాడు. జలాలాబాద్‌లో 1989 నాటి దండుకు ఎదురైన దానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఆగస్టు మొదట్లో కాందహార్ ముంగిట వారాలుగా పోరాడుతున్న ఒక పోలీసు దళానికి రోజు రేషన్‌గా వచ్చింది జిగురెక్కిన బంగాళాదుంపలున్న ఒకే ఒక్క అట్టపెట్టె. పత్రికల్లో ఆ వార్త చదివిన రోజే, ఇక నిలబడరని మా పాత మిత్రులతో అన్నాను. జ్యోతిష్యం ఏమీ కాదు, మా శాఖలో ఎవరైనా అదే అనేవారు. ఆగస్టు 6న జరంజ్, 8న కుందుజ్, 12, 13 తేదీల్లో హెరాత్, కాందహార్, 14న మజార్, 15న కాబూల్.

ఘనీ పారిపోవడం వల్ల, పాకిస్థాన్ మద్దతు వల్ల, అవినీతి వల్ల అని ఎవరైనా అంటే నేను కాదనను. తాలిబన్ నాయకత్వానికి పాకిస్థాన్‌లో ఆశ్రయం లేకపోతే 2005 తర్వాతి యుద్ధమే ఆ రూపంలో ఉండేది కాదు. కానీ ఘనీ వెళ్లింది 15న. అప్పటికి కాబూల్ తప్ప పెద్ద పట్టణాలన్నీ దాదాపు పోయాయి. అవినీతి 2010లోనూ ఉంది, అప్పుడు సైన్యం నిలిచింది.

భారత్ కథ దీనికి భిన్నం కాదు, పరిమాణంలో చిన్నది, అంతే. మనం డెహ్రాడూన్‌లో అఫ్గాన్ అధికారులకు శిక్షణ ఇచ్చాం, 2015 చివరి నుంచి కొన్ని మి-25 హెలికాప్టర్లు ఇచ్చాం. తాలిబన్ల తరఫున దోహాలో చర్చల్లో కూర్చున్న షేర్ మహమ్మద్ అబ్బాస్ స్తానెక్‌జాయ్ 1980ల్లో అదే డెహ్రాడూన్ అకాడమీలో శిక్షణ పొందినవాడు. ఏ దేశం ఇచ్చిన శిక్షణ ఎటు పోతుందో ముందుగా చెప్పలేమనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికా ఇంకో ఐదేళ్లు ఉండి ఉంటే అని కూడా కొందరు అడుగుతారు. ఐదేళ్లు జీతాలు అందేవి, పోస్టులు నిలిచేవి, ఆరో ఏట ఇదే ప్రశ్న వచ్చేది. చిన్న సైన్యం, అఫ్గాన్ మెకానిక్ విప్పి బిగించగల యంత్రాలు, అఫ్గాన్ రాబడిలో ఇమిడే జీతాలు, కాబూల్ ప్రభుత్వం కూడా కూర్చున్న ఒప్పందం ఉంటే ఫలితం వేరేగా ఉండేదేమో. అలాంటి సైన్యాన్ని 2002లో మొదలుపెట్టాల్సింది, 2020లో కాదు.

ఇప్పుడు జీతపు సైన్యాన్ని పోషించే పని తాలిబన్లదైంది. రక్షణ మంత్రిగా ముల్లా యాకూబ్ ఉన్నాడు, వదిలేసిన హమ్వీ సైనిక వాహనాలు, బ్లాక్ హాక్‌లు అతని చేతికి వచ్చాయి. 2022 సెప్టెంబరులో కాబూల్‌లో శిక్షణ సమయంలో ఒక బ్లాక్ హాక్ కూలి ముగ్గురు చనిపోయారు. మిగిలినవాటిని ఎగిరించడానికి తాలిబన్లు పిలిచి పనిలో పెట్టుకున్నవారిలో పాత వైమానిక దళపు పైలట్లు, మెకానిక్‌లు ఉన్నారు.